గడ్డం కింద చెయ్యి

కిటికీ పక్క సీటు దొరికింది మా ఆవిడకి. మెహర్‌ని కూర్చోబెట్టి, ఆమె కుడిచెయ్యి తీసి ఒళ్లో పెట్టాను. ఆ చెయ్యి ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఎడమచెయ్యి తనంతట తనే వెళ్లి కిటికీ ఊచ పట్టుకుంది. రేపల్లె ప్యాసింజరు ఇంకా కదల్లేదు. తెనాలి ప్లాట్‌ఫారం మీద జామకాయలమ్మి ఒక్కో పెట్టెలోకీ తొంగిచూసి పోతోంది, బయట ఇంత ఎండున్నా పెట్టెలో లైటు వెలుగుతూనే ఉంది, నా చెవిలో మాత్రం ఆ టుంగుమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆసుపత్రిలో పెట్టే పరీక్షలో జవాబు తప్పయినప్పుడల్లా ట్యాబ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడి ఆ చప్పుడొస్తుంది. ఎంత చిన్న చప్పుడో. మా మందులషాపులో తలుపు తీసినప్పుడు మోగే గంట కూడా అంతకంటే గట్టిగా మోగుతుంది. కానీ ఆ చప్పుడు వినగానే మెహర్ భుజం అంగుళం కిందికి దిగుతుంది, నేను వెనక కుర్చీలో కూర్చుని చూస్తుంటాను కాబట్టి నాకు తెలుసు. ట్యాబ్ ఒక మాట చెబితే, అందులో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు బటన్ నొక్కాలి. మూడుసార్లు భుజం దిగాక ఎడమచెయ్యి ఇక బటన్ మీదికి వెళ్లదు. ట్యాబ్ మాటలు చెబుతూనే ఉంటుంది, ఇంటూలు పెట్టుకుంటూనే పోతుంది. "ఏమీ అనుకోకండి సార్," అంది షారోన్ గారు ఇవాళ. ఆవిడ స్పీచ్ థెరపిస్టు, మంచి మనిషి, నాతో ఏం చెప్పినా మధ్యలో ఒకసారి మెహర్ మొహం కూడా చూసి చెబుతుంది. "మాట లోపలి ముక్కలు మేడమ్‌కి తెలుస్తున్నాయని ఈ లెవెల్లో తేలాలి. అప్పుడే చేత్తో తట్టుతూ పాటలాగా పలికించే పద్ధతి మొదలుపెట్టగలం. తేలకపోతే రిపోర్టులో అలాగే రాయాలి కదా." ఆ రిపోర్టు బాపట్లలో మెడికల్ బోర్డుకి వెళ్తుంది. మెహర్ మళ్లీ బళ్లో పాఠాలు చెప్పడానికి వెళ్తుందా, ఇంట్లోనే ఉండిపోతుందా అన్నది వాళ్లు చెబుతారు.

బండి కదిలింది. మెహర్ మొహం మీద గాలి పడి తలమీది కొంగు జారితే ఎడమచేత్తో తనే సర్దుకుంది. ఇలాంటివి చూసినప్పుడు ఏమీ కాలేదనిపిస్తుంది. ఏమీ కాలేదు, కిందటి చలికాలంలాగే చుట్టాలింటి నుంచి వస్తున్నాం, ఇంటికెళ్లగానే ఈవిడ కాంపోజిషన్ పుస్తకాల కట్ట విప్పుకుని కూర్చుంటుంది, నేను షట్టరెత్తుకుంటాను. మావి మూడు భాషలు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఆమెకి బళ్లో ఇంగ్లీషు. పక్షవాతం వచ్చిన పొద్దున మూడూ ఒక్కసారే పోయాయి. తిరిగొచ్చేటప్పుడు ఏది ముందొస్తుందో చెప్పలేమన్నాడు డాక్టరు, మామూలుగా అయితే తల్లిభాషే అన్నాడు. మేం ఉర్దూ కోసం కాచుకుని కూర్చున్నాం. నమాజులో చదివే ఖురాన్ ఆయతులు మాత్రం ఒక్క పలుకు తడబడకుండా వచ్చేవి, చిన్నప్పుడు కంఠతా పట్టినవి కదా, నాలుక వాటిని వదల్లేదు. అవన్నీ చదివి, సలాం చెప్పి, ఆ తర్వాత మంచినీళ్లు అడగటానికి మాట దొరక్క గ్లాసు వైపు చూస్తూ ఉండేది. అప్పుడొకరోజు వాళ్లన్నయ్య ఇస్మాయిల్ వచ్చి మంచం దగ్గర నిలబడి, ఈమెకి ఇక ఏం తెలుస్తుంది పాపం, అని నాతో అంటుంటే, "సిట్ డౌన్," అంది మెహర్. స్పష్టంగా. ముప్పైమంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో. ఇస్మాయిల్ గబుక్కున కూర్చున్నాడు. నేను నవ్వానో ఏడ్చానో ఇప్పుడు గుర్తులేదు. అలా ఇంగ్లీషు ముందొచ్చింది. నో, ఓకే, థాంక్యూ, సిట్ డౌన్. అవి అలవాటుగా వచ్చేసే మాటలే సార్, ఆలోచించి వెతుక్కుని పలికే మాట ఒక్కటి రావాలి, అని షారోన్ గారు మెల్లగా చెప్పింది, ఇంగ్లీషులోనే పరీక్షలు పెడదాం అంది. అప్పటి నుంచీ నేను కూడా ఇంట్లో నా మందులషాపు ఇంగ్లీషు మాట్లాడుతున్నాను. ఈట్. స్లీప్. పెయిన్? నా ఇంగ్లీషు విని ఆమె లోపల ఎన్ని తప్పులు దిద్దుకుంటుందో అల్లాకే తెలియాలి.

జంపనిలో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదుటి సీట్లో కూర్చుంది. కూర్చుంటూనే సంచి కాళ్ల మధ్య పెట్టుకుని, తన పేరు వెంకటరత్నమ్మ అనీ, భట్టిప్రోలులో దిగుతాననీ, మనవరాలికి పురుడొచ్చిందనీ చెప్పేసింది. తర్వాత మెహర్‌ని పరకాయించి చూసింది. "ఏం బాబూ, అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?"

"పక్షవాతం అండి. మాట పడిపోయింది."

"అయ్యో తల్లీ. మనం చెప్పేది తెలుస్తుందా మరి?"

తెలుస్తుందండి అని వెంటనే అనాలి. ఇన్నాళ్లూ ఎవరడిగినా అలాగే అన్నాను. ఇవాళ ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. ట్యాబ్ లెక్క ప్రకారం ఆమెకి సగం మాటలు తెలియడం లేదు, ట్యాబ్‌కి నా మీదా ఆమె మీదా పగేం లేదు కదా, ఎవర్ని చూసినా ఒకే లెక్క కదా. "తెలుస్తుందండి," అన్నాను చివరికి. ఆలస్యమైంది. మెహర్ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు, కానీ ఊచ మీద వేళ్లు బిగిశాయి. నా ఆలస్యం విన్నది. వేమూరు వైపు కోతలైన చేలల్లో నీళ్లారిపోయి మినుము లేస్తోంది, ఆ లేతాకుపచ్చ మీద కొంగలు, నేను వాటిని చూస్తున్నట్టు కూర్చున్నాను. ఆమె నన్ను చూడటం లేదు. చూస్తే బాగుండు, కోప్పడితే ఇంకా బాగుండు.

కోప్పడేది. పిల్లల మీద మాత్రం ఎప్పుడూ పడేది కాదు. ఒకసారి టిఫిన్ క్యారేజీ మర్చిపోతే తీసుకుని బడికి వెళ్లాను. తరగతి గుమ్మంలోంచి చూస్తే పిల్లలందరూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. క్లాసు క్లాసంతా ఏదో దిగులు పడినట్టు. మధ్యలో ఈవిడా అలాగే. ఏంటిదంటే నవ్వి, సిలబుల్స్ అండి, అంది. మాట పలికేటప్పుడు దవడ ఎన్నిసార్లు కిందికి దిగి చేతికి తగిలితే ఆ మాటలో అన్ని సిలబుల్స్ అట. బస్ అంటే ఒకటి. మనవాళ్లు బస్సు అంటారు కాబట్టి వీళ్లకి రెండు తగులుతున్నాయి, చివర ఉకారం తగిలించకండర్రా అది మన అలవాటు, ఇంగ్లీషువాళ్లది కాదు, అని చెప్పి చెప్పి అలిసిపోతున్నాను, అంది. తెలుగులో రాసింది రాసినట్టు చదివేస్తాం, ఇంగ్లీషులో అక్షరాలన్నీ పలకవు, పలికేవన్నీ రాయరు, అందుకే కళ్లతో లెక్కపెట్టకూడదు, నోటితో పెట్టాలి, అంది. నేను క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేశాను. దారిలో ప్యారసిటమాల్ అని గడ్డం పట్టుకుని చూసుకున్నాను కూడా. అంత బాగా చెప్పిన మనిషి ఇవాళ ఆ లెక్కలోనే తప్పుతోంది. నాకు కష్టంగా అనిపించేది అదే. ఆమెకి రాని లెక్కలో తప్పితే ఇంత బాధుండేది కాదు. మెదడులో ఆ భాగమే దెబ్బతిని ఉంటుంది అనుకున్నాను, ఏ భాగమో, చక్కగా గీసిన బొమ్మ ఒకటి డాక్టరు గది గోడకి ఉంటుంది, రంగురంగులుగా, మొత్తం మనిషంతా ఆ రంగుల్లో ఉన్నట్టు.

ఫోను తీశాను. షారోన్ గారి దగ్గరున్న ఆ పరీక్షే ఇందులోనూ ఉంది, వడ్లమూడిలో చదువుతున్న మా అమ్మాయి రేష్మా దించి పెట్టింది, ఇంట్లో సాధన చేయించమని. మెహర్ ముందు పెట్టాను. ఆమె దాన్ని రెండు వేళ్లతో నెమ్మదిగా నా వైపుకి తోసేసింది. "నో." సరే. దాచేద్దాం అనుకుని, దాచకుండా, చెవిలో ఒక తీగ పెట్టుకుని నేనే మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. వేమూరులో బండి ఆగి ఉంది, చేసే పనేం లేదు. క్యాట్ అంది, ఒకసారి నొక్కాను, పచ్చగుర్తు. వాటర్, రెండు, పచ్చగుర్తు. బనానా, మూడు. హాస్పిటల్, మూడు. బాగానే ఉంది, నాకూ వస్తోంది. లయన్ అంది. ల, యన్, రెండు నొక్కాను. టుంగ్. ఎర్ర ఇంటూ. నేనేదో పొరపాటుగా నొక్కి ఉంటాననుకున్నాను. ఐడియా అంది. ఐ, డి, యా. మూడు. టుంగ్. రెండట. ఐడియాలో రెండేంటి? అటూ ఇటూ చూసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఐ-డి-యా అని లోపల్లోపల పలికాను. మూడుసార్లు తగిలింది. మళ్లీ పలికాను. మళ్లీ మూడే.

"పన్ను పోటా బాబూ?" అంది వెంకటరత్నమ్మ గారు. "లవంగం ఉంది, ఇమ్మంటావా?"

"లేదండి," అన్నాను, కానీ ఆవిడ అప్పటికే సంచిలోంచి పొట్లం తీసేసింది, తీసుకుని బుగ్గన పెట్టుకున్నాను. లవంగం ఘాటు నోరంతా పాకుతుంటే ఇంకో మాట, ఇంకో మాట. పోయెమ్, రెండు, టుంగ్. ఏరియా, మూడు, టుంగ్. బిజినెస్ అని చదవటానికుంటుంది గానీ ఆ గొంతు బిజ్‌నెస్ అంటోంది, అది చెప్పినట్టే రెండు నొక్కితే అదే తప్పంటోంది, మూడట. చెప్పేది నోరు, లెక్కపెట్టేది కన్ను అన్నట్టుంది. నా మెదడులో ఏ భాగమూ దెబ్బతినలేదు. నాకు పక్షవాతం రాలేదు. నేను పొద్దున షాపు తీసి, గుంటూరు ఆర్డరు పెట్టి, బండెక్కి వచ్చిన మనిషిని. నాకూ సగం తప్పులే. పెనుమర్రు వచ్చింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. ఇన్ని వారాలుగా వెనక కుర్చీలో కూర్చుని ఆమె భుజం దిగడం చూశాం గానీ ఆ బటన్ నేనొక్కసారీ నొక్కలేదు, షారోన్ గారూ నొక్కలేదు, ఎవరైనా ఎందుకు నొక్కుతారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పరీక్షేంటి.

చెవిలో తీగ తీసేశాను. ఫోను జేబులో పెట్టేసి ఆమె ఎడమచెయ్యి ఊచ మీంచి తీసి నా అరచేతిలో పెట్టుకున్నాను. బండిలో అందరి ముందూ ఎప్పుడూ అలా పట్టుకోలేదు, ఆమె ఉలిక్కిపడి చూసింది. "లయన్," అన్నాను. చూస్తూ ఉంది. "లయన్, మెహర్. ట్యాప్." కాసేపటికి చూపుడువేలు నా అరచేతిలో రెండుసార్లు తట్టింది. తేలిగ్గా, బిళ్ల వేసుకునే ముందు స్ట్రిప్ మీద తట్టి చూసినట్టు. "రైట్," అన్నాను. ఆమె నా నోటి వైపే చూస్తోంది, ఎక్కణ్ణించో ఆ టుంగుమనే చప్పుడొస్తుందేమోనని. రాలేదు. "ఐడియా." మూడు. "రైట్. ఏరియా." మూడు. ఈసారి ఆలోచించనే లేదు. "పోయెమ్." రెండు. భట్టిప్రోలు దగ్గర పడుతోంది, వెంకటరత్నమ్మ గారు సంచి ఎత్తబోయి ఆగి మా చేతులు చూస్తోంది, నాకు సిగ్గనిపించలేదు. నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ గబగబా గుర్తుచేసుకుంటున్నాను, ఒక్కటీ గుర్తురాదు, "వెడ్-నెస్-డే," అన్నాను. మెహర్ వేలు లేచి, గాల్లో ఆగిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. వేలు దిగి రెండుసార్లు తట్టింది. తర్వాత నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. తప్పు చేసింది నేనట. వెన్జ్‌డే. రెండు. నేను మూడుగా పలికాను, ఆమె దిద్దింది.

"అన్నీ తెలుస్తున్నాయి బాబూ తల్లికి," అంది వెంకటరత్నమ్మ గారు లేస్తూ. ఆవిడకి ఆ ఇంగ్లీషు ముక్క ఒక్కటీ అర్థమై ఉండదు. మెహర్ భుజం మీద చెయ్యేసి, "వెళ్లొస్తానమ్మా," అని మెహర్‌తోనే చెప్పి దిగింది.

షారోన్ గారికి ఫోను చేశాను. గబగబా చెప్పాను, లవంగం అడ్డం పడి సగం మాటలు ముద్దయ్యాయి. ఆవిడ అంతా విని, "ఒక్క నిమిషం సార్, లైన్లో ఉండండి, నేనే పెట్టి చూస్తాను," అంది. ఫోనులో నుంచి వినిపించింది, టుంగ్. కాసేపాగి ఇంకోటి. టుంగ్.

"సార్. క్వయట్ అని ఇచ్చింది. రెండు నొక్కాను. నన్ను కూడా తప్పంది."

"ఎందుకండి అలా?"

"ఇది మాటని వినదు అనుకుంటా సార్. స్పెల్లింగు చూసి లెక్కేస్తున్నట్టుంది. అచ్చులు పక్కపక్కనుంటే అన్నీ కలిపి ఒకటే అనుకుంటోంది, పలకని అచ్చుని కూడా ఒక్కోసారి లెక్కేసేస్తోంది. డిక్షనరీ ఉంటుందన్నారు దీనికి, నెట్ ఉంటే అందులో చూసి సరిగ్గా చెబుతుందట. మా గదిలో నెట్ ఎప్పుడుంది, బండిలో మీకెక్కడుంటుంది? ఊహించి చెప్పేస్తోంది. నాకు తట్టలేదు సార్. మేడమ్ రైటు కొట్టినప్పుడు కూడా నేను చూస్తూ కూర్చున్నాను." ఆవిడ గొంతు సన్నబడింది. "డిక్షనరీ ఉన్నా కష్టమే. ఫైర్ అనేది కొందరి నోట్లో ఒకటి, కొందరి నోట్లో రెండు. మిషన్ ఎవరి నోరు చూస్తుంది? ఫోను మేడమ్‌కి ఇస్తారా?"

మెహర్ చెవి దగ్గర పెట్టాను. షారోన్ గారు ఏం చెప్పిందో బండి చప్పుడులో నాకు సరిగా వినపడలేదు, సారీ అనేది ఒక్కటి వినపడింది, రెండుమూడుసార్లు. మెహర్ కళ్లు మూసుకుని వింది. భుజం నెమ్మదిగా పైకి లేచింది, మామూలుగా ఉండేచోటికి. "ఓకే," అంది. కొంచెం ఆగి, మళ్లీ, "ఓకే." ఫోను నాకిచ్చాక షారోన్ గారు, రిపోర్టు పంపడం లేదు సార్, సోమవారం తీసుకురండి, ట్యాబ్ పక్కన పడేసి నేనే మాటలు చెప్పి బల్ల మీద తట్టిస్తాను, మేడమ్ ఎలా పలికితే అదే లెక్క, అది చూసి కొత్తగా రాస్తాను, పాట పద్ధతి కూడా ఆ రోజే మొదలుపెడదాం, అంది. అంతే అంది. బోర్డు ఏం చెబుతుందో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ తెలుస్తుందా అని ఎవరైనా అడిగితే నేనిక ఆలస్యం చెయ్యక్కర్లేదు.

పల్లెకోన దాటింది. ఎండ పక్కవాటుగా పెట్టెలోకి వచ్చి ఆమె ఒళ్లో ఉన్న కుడిచేతి మీద పడింది. బాపట్లలో ఆమె బీఈడీ చదివేటప్పుడు నిశ్చితార్థం అయిన కొత్తలో వాళ్ల నాన్నగారి అనుమతితో ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లాను, సూర్యలంక తీసుకెళ్లాను, వాళ్లన్నయ్య ఇస్మాయిల్‌ని వెంట పంపారనుకోండి. సముద్రం హోరులో ఆమె ఏదో అంది. వినపడక ఏంటి అన్నాను. మళ్లీ అంది. మళ్లీ వినపడలేదు. మూడోసారి అడగటానికి మొహమాటపడి నవ్వేసి తలూపాను, ఆమె కూడా నవ్వేసింది. పెళ్లయ్యాక అడిగితే, ఏమో, గుర్తులేదండి, అంది. గుర్తుండే ఉంటుంది. ఈ నాలుగు నెలలూ ఆమె అలాగే హోరులో నిలబడి ఏదో అంటూ ఉంటే, మేమంతా ఒడ్డున నిలబడి వినపడటం లేదు కాబట్టి ఏమీ అనడం లేదనుకున్నాం. ఇంకా ఏమేం అనుకుని ఉంటుందో. ఇస్మాయిల్ గురించి, నా గురించి, నేను మడిచి పెట్టే చీరల గురించి. అన్నీ వస్తాయి, ఒక్కొక్కటీ వస్తాయి, మంచివీ చెడ్డవీ. రానీ. తొందరేం లేదు.

రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి కాబట్టి దిగటానికి తోపులాట ఉండదు. అందరూ దిగిందాకా కూర్చుని, మెల్లగా దింపి, ప్లాట్‌ఫారం మీది బెంచీ దాకా నడిపించాను. ఆమె అలిసిపోయింది, అయినా మొహంలో వెలుగుంది. పక్కనే టీకొట్టు. రెండు చెప్పాను. కొట్టతను మాకు తెలిసినవాడే, పాలు పొంగించి గ్లాసుల్లో పోస్తూ, చక్కెర డబ్బా మూత తీసి, మామూలుగానే నా వైపు చూసి అడిగాడు. "మేడమ్ గారికి చక్కెర మామూలేనా అన్నా?"

నేను ఆఁ అనబోయాను.

"లెస్," అంది మెహర్.

ఎవరూ అందించని మాట. అలవాటుగా నోట్లోంచి దొర్లిన మాట కాదది, వెతుక్కుని, ఎంచుకుని, బయటికి తెచ్చుకున్న మాట. ఆమె బాగున్నన్నాళ్లూ ఇంట్లో టీ ఆమే పెట్టేది, తన కప్పులో ఎంత వేసుకునేదో నేనెప్పుడూ చూళ్లేదు. ఈ నాలుగు నెలలూ పొద్దునా సాయంత్రం నేను నాకు కలిపినట్టే రెండు చెంచాలు నిండుగా కలిపి ఇచ్చాను, ఆమె మొహం ముడుచుకోకుండా చివరి గుక్క దాకా తాగింది. కొట్టతనికి ఇవేమీ తెలియవు. చెంచా డబ్బాలో అలాగే ఉంచి, నన్ను దాటి కొంచెం ముందుకి వంగి ఆమెనే అడిగాడు.

"ఎంత వెయ్యమంటారు మేడమ్? అర చెంచా?"

నేను పక్కకి జరిగి నిలబడ్డాను.